పూజలో పెట్టిన బందూకు కట్టె

మా ఇంట్లో బందూకు ఎప్పుడూ లేదు. బందూకు కట్టె మాత్రం ఇరవై రోజులు ఉంది. ఆ ఇరవై రోజుల్లో ఇంట్లో జరిగినంత రభస అసలు బందూకే వచ్చినా జరిగేది కాదు.

వరంగల్ బజారులో మాది పసుపు, కుంకుమ, కర్పూరం అమ్మే దుకాణం. ముందర దుకాణం, వెనక ఇల్లు. గల్లా దగ్గర బాపు, అంటే మా నాన్న, కూర్చునేవాడు. తక్కెడ దగ్గర ఆయన తల్లి, మా బాపమ్మ, కూర్చునేది. గల్లా బాపుది, తక్కెడ బాపమ్మది, హుకుం మాత్రం రెండింటి మీదా బాపమ్మదే. ఆమె పెట్టిన చట్టం ఒక్కటే: ఏ వస్తువైనా కుడిచేత్తోనే ఇవ్వాలి. ఎడమ చేత్తో కుంకుమ పొట్లం ఇస్తే, తీసుకున్న ఆడమనిషి ఇల్లు చేరాక గుర్తొచ్చినా సరే, వెనక్కి వచ్చి మా మొహాన విసిరికొట్టి పోతుందని ఆమె భయం.

నేనేమో పుట్టుకతోనే పుర్రచేతి వాటందాన్ని. బాపమ్మ నా ఎడమ చేతికి పసుపు నింపే గుడ్డసంచి తొడిగి, మణికట్టు దగ్గర దారం కట్టేది. అన్నం తిన్నంతసేపూ, పలక మీద రాసినంతసేపూ సంచి ఉండాల్సిందే. ఏడేళ్లు వచ్చేసరికి నేను అన్నీ కుడిచేత్తోనే చేస్తున్నాను. "బాగైంది" అని బాపమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంది, తట్టు పోసి తగ్గినట్టు. నా రాత మాత్రం కోడి కెలికినట్టు ఉండేది. అది చదువు మీద శ్రద్ధ లేక అన్నారు.

బాపమ్మ తూకం సంగతి కూడా చెప్పాలి. ఆమె చెంచాతో పసుపు తీసి తక్కెడలో వేసిన ప్రతిసారీ ఇంత కింద పడేది. దుకాణం గడప పచ్చన, ఆమె చీర కుచ్చిళ్లు పచ్చన, తక్కెడ కింద పడుకునే పిల్లి పచ్చన. పెద్దతనం కదా, చెయ్యి వణుకుతుంది అనేవాడు బాపు. నలభై ఏళ్లుగా వణుకుతూనే ఉందట.

పందొమ్మిది వందల డెబ్బైలు అయిపోవస్తున్న రోజులవి. హనుమకొండలో డిగ్రీ చదువుతూ ఎన్.సి.సి.లో చేరాను. ఫైరింగుకు తీసుకుపోతే నా తూటా ఒక్కటీ నా కాగితానికి తగల్లేదు. తగిలిన ఒక్కటీ పక్కమ్మాయి కాగితానికి తగిలింది, ఆమెను అందరూ మెచ్చుకున్నారు. హవల్దారు నన్ను లేపి, వేలు చాపి దూరంగా ఉన్న కరెంటు స్తంభాన్ని చూడమన్నాడు. ఒక కన్ను మూయి, ఇప్పుడు రెండోది మూయి అన్నాడు. ఎడమ కన్ను మూసినప్పుడే వేలు స్తంభం మీంచి పక్కకు జరిగింది. "బేటా, నీది ఎడమ కన్ను. ఆ భుజం మీంచి కొట్టు" అన్నాడు.

భుజం మార్చాను. ఐదు తూటాలూ నా బొటనవేలితో కప్పేంత చోట పడ్డాయి. అంత వయసొచ్చాక, నా చేత్తో నేను ఒక పని సరిగ్గా చేసింది అదే మొదటిసారి. ఏడుపొచ్చింది. మట్టిలో బోర్లా పడుకుని ఉన్నాను కాబట్టి ఎవరూ చూడలేదు.

హవల్దారు నన్ను రైఫిల్ క్లబ్బుకు పంపాడు. దాని సెక్రటరీ మిలిటరీలో రిటైరైన పెద్దమనిషి. రాష్ట్రం పోటీకి జిల్లా నుంచి నలుగురిని పంపాలి, ముగ్గురు ఎప్పుడూ పోయేవాళ్లే, నాలుగో చోటు ఖాళీ. దసరా పొద్దున పది గంటలకు మడికొండ గుట్టల దగ్గర పోటీ పెట్టి ఆ నాలుగోవారిని తేలుస్తాం అన్నారు. ఆయుధం పట్టడానికి దసరాను మించిన రోజు లేదని క్లబ్బు పెద్దల నమ్మకం. నాకు అది ఆఖరి సంవత్సరం. కాలేజీ అయిపోతే మళ్లీ పసుపు పొట్లాలు కట్టడమే, బందూకు ముట్టే దారి లేదు. ఆ నాలుగో చోటు నాకు కావాలి. ఇంతగా ఏదీ కోరుకోలేదు నేను.

క్లబ్బులో ఎవరూ ముట్టని పాత రైఫిల్ ఒకటి నాకిచ్చారు. ఇనుము మంచిదే, కట్టెతోనే వచ్చింది చిక్కు. ఫ్యాక్టరీవాడు ఎవరిని కొలిచి చేశాడో గానీ, ఆ మనిషి ఆరడుగుల మగవాడు, కుడిచేతివాడు. చెంప ఆనించే ఎత్తు నాకు అవతలి పక్కన ఉండేది. భుజానికి ఆనించే చివరను మడమ అంటారు, అది నా భుజానికి ఆనితే వేలు ట్రిగ్గర్ దాకా పోయేది కాదు. గురి చూడాలంటే చెంప గాల్లో ఉండేది. కట్టె మార్పించుకుంటానని అడిగితే సెక్రటరీ గారు, "ఇనుము క్లబ్బు గడప దాటదు. కట్టె తీసుకుపో. కట్టెకు లైసెన్సు అక్కర్లేదు" అన్నారు. మరలు విప్పి, కట్టెను గోనెసంచిలో పెట్టి ఇచ్చారు.

ఇంటికి తెచ్చాను. బాపమ్మ సంచి విప్పించింది.

"ఏందే ఇది?"

"బందూకు కట్టె."

"మరి బందూకేది?"

"క్లబ్బుల ఉంది."

"బందూకు ఆడ, కట్టె ఈడనా? ఇది దేనికి?"

"చెంప ఆనుకోనీకి బాపమ్మా."

"చెంప ఆనుకోనీకి ఇంట్ల మెత్తలు లేవా?"

కట్టెను మళ్లీ సంచిలో పెట్టి నా మంచం కిందికి తోశాను.

మా దుకాణం పసుపు పెట్టెలు చేసిన వడ్లాయన, అంటే వడ్రంగి, హసన్‌పర్తిలో ఉండేవాడు. బస్సెక్కితే కండక్టరు సంచి చూసి లగేజీ ఏందన్నాడు. ఉన్నమాట చెప్పాను. మూడు వరుసలు ఖాళీ అయ్యాయి. హసన్‌పర్తి బస్సులో కూర్చుని ప్రయాణం చేసింది నా జన్మలో ఆ ఒక్కసారే.

వడ్లాయన చేసేది ముఖ్యంగా నాగళ్లు. రైతు వస్తే ముందు అటూ ఇటూ నాలుగడుగులు నడిపించి, నడుమెత్తు చూసి, అప్పుడు గానీ కట్టె మీద బాడిశె వేసేవాడు కాదు. మనిషిని కొలవకుండా పనిముట్టు చెయ్యడం ఆయన దృష్టిలో మోసం. నా కట్టెను తిప్పితిప్పి చూసి, "గిది ఎవర్ని కొలిచి చేసిండ్రు?" అన్నాడు.

"ఎవర్నీ కొలవలేదు. ఫ్యాక్టరీల చేసిండ్రు."

"అగో, గందుకే" అన్నాడు, పెద్ద రోగం దొరికినట్టు. "దీన్ని పట్టుకుని నడువు."

"నడవరు, పండుకుని కొడుతరు."

"పండుకునా? అయితే పండుకో."

చెక్క పొట్టు మధ్యలో బోర్లా పడుకున్నాను. నాగళ్ల కోసం వచ్చిన ఇద్దరు రైతులు చుట్ట ఆర్పేసి మరీ దగ్గరికి వచ్చి కూర్చున్నారు. బందూకు గొట్టం లేకుండా కొలత ఎట్లా తెలుస్తుందని వడ్లాయనకు అనుమానం వచ్చింది. రైతుల్లో ఒకాయన తన పార కామ ఊడదీసి ఇచ్చాడు. కట్టె గాడిలో ఆ కామను తాడుతో బిగించి, ఎదురుగా కట్టేసి ఉన్న బర్రెకు గురి పెట్టమన్నారు. కండ్లు మూసుకో, చెంప ఆను, ఇప్పుడు తెరువు అనేవాడు వడ్లాయన. తెరవగానే కామ చివర తిన్నగా బర్రె కనపడాలి. కనపడకపోతే చెంప కింద అతికిన టేకు ముక్కను ఇంకాస్త చిత్రిక పట్టేవాడు. నేను ముప్పైసార్లు కండ్లు మూసి తెరిచాను. బర్రె కూడా నావైపే చూస్తూ నెమరేస్తూ ఉండిపోయింది.

"ఏ చెంప?" అని వడ్లాయన మొదట్లోనే అడిగాడు.

"ఎడమ."

చేతిలో పెన్సిల్ ఆగింది. "మీ బాపమ్మకు ఎర్కనా?"

"ఎర్కలేదు."

"నాకెందుకు. నేను కొలిచిందే చేస్త" అన్నాడు.

మడమను నా మోచేతి మడతలో ఆనించి, వేలు ఎక్కడికి వస్తుందో చూసి, రెండు వేళ్ల మందం కోసేశాడు. భుజానికి దెబ్బ తగలకుండా కోసిన చోట మెత్తగా ఏదైనా పెట్టమని రైతుల్లో పెద్దాయన సలహా ఇచ్చాడు. మూలన అరిగిన హవాయి చెప్పు ఒకటి పడి ఉంది. దాని అడుగును మడమ ఆకారానికి కోసి, సన్న మేకులు దిగ్గొట్టి, నల్ల రంగు పూశాడు. పైనంతా అవిసె నూనె పట్టించాడు. నున్నగా, వెచ్చగా, ఎవరో నా కోసమే పెంచిన చెట్టులోంచి తీసినట్టుంది. మొదటిసారి భుజానికి ఆనించినప్పుడు, ఎన్నాళ్లకో మన మాట అర్థమయ్యే మనిషి దొరికినట్టు అనిపించింది.

ఇంట్లో అందరూ పట్టి చూశారు. బాపు కుడి భుజాన ఆనించి, "ఇదేంది, దవడకు పొడుచుకుంటాంది" అన్నాడు. అమ్మ కూడా కుడిపక్కనే పట్టి, వడ్లాయన వంకరగా చేసి అంటగట్టాడంది. నాకు సరిపోయింది అన్నాను గానీ, ఏ పక్క సరిపోయిందో చెప్పలేదు. బాపమ్మ ఆ రోజు దాన్ని ముట్టలేదు.

ఆ కట్టెను రోజూ క్లబ్బుకు మోసుకుపోయి, ఇనుముకు బిగించి కొట్టేదాన్ని. తూటాలు చెప్పినచోటికి పోతున్నాయి. నవమి నాడు సాయంత్రం బయటికి పోయి వచ్చేసరికి కట్టె నా మంచం కింద లేదు.

పూజగదిలో ఉంది. పీట మీద అమ్మవారి ముందర మా తక్కెడ, తూకం గుండ్లు, బాపు పెన్ను, కొబ్బరికాయల కత్తి, వాటి నడుమ, అన్నిటికంటే ఎత్తుగా, నా కట్టె. నిలువెల్లా పసుపు, మూడు చోట్ల కుంకుమ, మెడకు కంకణం. "ఆయుధమే గదనే, మంచం కింద పడేస్తవా?" అంది బాపమ్మ. ఆమె ప్రేమగానే చేసింది, అదీ నా ఖర్మ. ఎందుకంటే మా ఇంటి ఆచారం ప్రకారం నవమి పూజలో పెట్టిన వస్తువును మర్నాడు సాయంత్రం జమ్మి దగ్గరికి పోయి వచ్చేదాకా ఎవరూ ముట్టకూడదు. తక్కెడ కూడా పూజలోనే కాబట్టి దుకాణమే మూసేస్తాం. నా పోటీ పొద్దున పదింటికి.

బతిమాలాను. అలిగాను. అన్నం మానేశాను. "పొద్దుమీకి తీస్కోవే, ఎవడెత్తుకపోతడు?" అన్నాడు బాపు. పోటీ అప్పటిదాకా ఆగదన్నాను. పండుగపూట పోటీ పెట్టినోళ్లకు బుద్ధి లేదంది అమ్మ. బాపమ్మ కాదంది, ఆమె కాదంటే ఇక కాదనే.

దసరా పొద్దున తలస్నానం చేసి పూజగది ముందర కూర్చున్నాను. ఎనిమిదైంది. తొమ్మిదింటికి బస్సు. సెక్రటరీ గారు కట్టె లేని ఇనుము పట్టుకుని గుట్టల దగ్గర నిలబడి ఉంటారు. కోపంతో నా ఒళ్లు మండిపోతోంది. అప్పుడు నోట్లోంచి వచ్చేసింది.

"బాపమ్మా, దాని మడమకు చెప్పుంది."

"ఏందీ?"

"చెప్పు. హవాయి చెప్పు. హసన్‌పర్తిల ఎవరిదో. అరిగిపోయినది."

అమ్మ గోడ పట్టుకుంది. బాపు కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని పీటవైపు చూశాడు. ఎవరో తెలియని మనిషి చెప్పుకు బాపమ్మ స్వయంగా పసుపు రాసి, బొట్టు పెట్టి, హారతి ఇచ్చింది. కంకణం కూడా కట్టింది.

"ఎవ్వరు ముట్టకుండ్రి" అంది బాపమ్మ. "నేనే తీస్త."

అశుద్ధమైనదాన్ని కుడిచేత్తో ఎత్తకూడదు. బాపమ్మ కుడిచేతిని వీపు వెనక దాచుకుని, ఎడమ చెయ్యి చాపి కట్టెను లేపింది. ఆ చెప్పు ఎక్కడుందో చూద్దామని మడమను తనవైపు తిప్పుకుంది. బరువుకు అది ఆమె ఎడమ భుజంలో ఆనింది. ఇంకా దగ్గరగా చూడబోయి తల వంచింది. చెంప పోయి టేకు ముక్క మీద వాలింది.

ఆమె కదలలేదు.

నాదీ బాపమ్మదీ ఒకే ఎత్తు. మెడ కూడా ఒకటే అంటారు. వేలు ఉండాల్సిన చోట వేలు ఉంది. కన్ను ఉండాల్సిన చోట కన్ను ఉంది. నాకు హవల్దారు ఎన్నిసార్లో తిట్టి నేర్పిన పట్టుతో, డెబ్బై ఏళ్ల మనిషి, ఎవరూ చెప్పకుండా, అమ్మవారి ముందర నిలబడి ఉంది. చెయ్యి వణకడం లేదు.

"ఇది నాకు సక్కగున్నదేందే?" అంది.

"అమ్మా, అది వంకరది" అన్నాడు బాపు.

"నువ్వే వంకర, ఊకో."

ఆమె ఎడమ చేతి వేళ్ల కణుపుల మీద పాత మచ్చ ఒకటి ఉండేది. వంటింట్లో కాలిందని చెప్పేది. అప్పటిదాకా నేను దాని గురించి ఆలోచించనే లేదు.

"బాపమ్మా, నీది కూడ ఎడమ చెయ్యేనా?"

ఆమె కట్టె మీంచి చెంప తియ్యకుండానే చెప్పింది. "మా అవ్వ అట్లకాడ కాల్చి పెట్టింది. నీకు నేను గుడ్డసంచే కట్టిన గదనే."

నాకు ఆ మనిషి మీద ఉన్న కోపమంతా అక్కడే పోయింది. ఆమె తన చీర కొంగుతో పసుపు తుడిచి, కట్టెను నాకు ఎడమ చేత్తో ఇచ్చింది. నేను ఎడమ చేత్తో తీసుకున్నాను. "ఉరుకు, బస్సు పోతది" అంది.

కంకణం విప్పడం మరిచిపోయాను. సెక్రటరీ గారు దాన్ని చూసి ఏమీ అడగకుండా మరలు బిగించారు. నాలుగో చోటు నాకే వచ్చింది. తర్వాత రాష్ట్రం పోటీలో నేను పొడిచిందేమీ లేదు. కట్టె క్లబ్బుకే పోయింది.

పండుగ మర్నాడు దుకాణం తెరిచాం. బాపమ్మ తక్కెడ ముందు కూర్చుని చెంచాను ఎడమ చేతిలోకి తీసుకుంది. బాపు గల్లాలో చిల్లర లెక్కపెట్టుకున్నాడు. మొదటి బేరం ఒక ముసలావిడ. "పండుగ మొకాన ఎడమ చేత్తో ఇస్తవేందమ్మా?" అంది పొట్లం చూసి. "పసుపు కింద పడలె గద, తీస్కో" అంది బాపమ్మ. ఆవిడ పొట్లం తీసుకుని పోయింది.

ఆ తర్వాత తక్కెడ కింద పసుపు పడలేదు. మాఘమాసం వచ్చేసరికి గడప మీద మరక వెలిసిపోయింది. మా పిల్లి తెల్లదని మాకు అప్పుడే తెలిసింది.