పోలీసులు పట్టుకెళ్లిన ఉసిరి మొక్క

కార్తీక మాసం రెండో ఆదివారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకి మా వనభోజనాల పులిహోర గిన్నె మీదికి ఒక డ్రోను వచ్చి ఆగింది. ఉసిరి మొక్కకు పూజ ముగించి పదకొండుంబావుకల్లా పిల్లలకు వడ్డించాలని నా ఏర్పాటు. ఐదు నిమిషాలు ఆలస్యమైందని చిరాకుపడుతూ గడియారం చూశాను కాబట్టి సమయం గుర్తుంది. పిల్లలు డ్రోనుకి చేతులూపారు. మనవాళ్లే ఎవరో పైనుంచి ఫొటోలు తీస్తున్నారనుకుని ఒకావిడ కొంగు సర్దుకుంది.

ఇంతలోనే మట్టిరోడ్డుకి రెండు చివర్లా పోలీసు కార్లు అడ్డం నిలిచాయి. ఒకరు మైకులో ఎక్కడివాళ్లు అక్కడే ఉండమన్నారు. ఇద్దరు కార్ల వెంట నడుస్తూ నంబరు ప్లేట్లన్నీ ఫొటో తీశారు. మరొకాయన చిన్న కెమెరాతో మా ముఖాలు తీసుకుంటూ పోయాడు, చేతిలో విస్తరి ఉన్నవాళ్లని కూడా వదల్లేదు. తంబోలా అంకెలు పిలుస్తున్న పెద్దాయన చేతిలోంచి మైకు లాక్కుని, తీగ చుట్టి సంచిలో వేశారు.

ఆ కౌంటీ పేరు రాయను; కౌంటీ అంటే ఇక్కడ అమెరికాలో జిల్లా లాంటిది. మా బెంటన్‌విల్ నుంచి కార్లో గంటంబావు. ఆ చుట్టుపక్కల అడవుల్లో వేసవిలో రెండుసార్లు కుర్రకారు అనుమతి లేకుండా పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టి తెల్లారేదాకా నాట్యాలు చేశారు. రేవ్ అంటారు దాన్ని, మత్తుమందులూ తిరుగుతాయట. స్థలం ఎక్కడో ఆ రోజు దాకా ఎవరికీ చెప్పరు. ముందు ఏదో పార్కింగ్ లాట్‌లో కలుస్తారు. స్పీకర్లు, జనరేటరు ఉన్న వ్యాను ముందు పోతుంది, కార్లు వరసగా వెనక పోతాయి. పోలీసులు ఈ పద్ధతంతా నేర్చుకుని, రోడ్డు మలుపుల్లో స్తంభాలకి నంబరు ప్లేట్లు చదివే కెమెరాలు బిగించి, మళ్లీ ఎప్పుడు జరుగుతుందా అని కాచుకుని ఉన్నారు.

మా వనభోజనాల పద్ధతి కూడా చెప్పాలి. ఆరేళ్ల కిందట నలభై మందికి వండితే డెబ్బైమూడు మంది వచ్చారు. కొందరికి పెరుగన్నం కూడా మిగల్లేదు. ఆ యేడాది నుంచి నేను చెప్పినట్టే జరుగుతోంది. వాట్సాప్ గ్రూపులో ఎంతమంది, ఏం తింటారు, ఎన్నింటికి వస్తారు అని ముందే చెప్పాలి. స్థలం ఎక్కడో ఆ పొద్దున ఎనిమిదింటికి, అదీ చెప్పినవాళ్లకే పంపుతాను. మాకు చోటిచ్చే రైతు పొలంలో ఇరవై కార్లకే చోటు కనుక అందరూ మా తెలుగు చర్చి పార్కింగ్ లాట్‌లో కలిసి, సర్దుకుని ఎక్కి, వరసగా రావాలి. నేను హిందువునే అయినా, ఆ చర్చి పాస్టరుగారి భార్య మా వీధిలోనే ఉంటుంది, లాట్ ఇవ్వడానికి ఏ యేడూ కాదనలేదు. జనరేటరు, స్పీకర్లు, ఉసిరి మొక్క మా మనవరాలి వ్యాన్‌లో ముందు పోతాయి. ఇందులో మార్చాల్సింది ఏమైనా ఉందని నాకిప్పటికీ అనిపించడం లేదు. ఇరవై ఆరేళ్లు ఒక కంపెనీలో సరుకుల లెక్కలు చూసినదాన్ని, మనుషులు ఎంతమందో తెలియకుండా పొయ్యి వెలిగించను.

మనవరాలికి ఇరవై మూడేళ్లు. ఇక్కడే పుట్టింది. పెళ్లిళ్లకి, పుట్టినరోజులకి సౌండ్ పెట్టి సంపాదించుకుంటుంది. స్పీకర్లు పోలీసు వ్యానెక్కుతుంటే నా పక్కకి వచ్చి మెల్లగా అంది.

"అమ్మమ్మా, వాళ్ళు నిన్ను కాదు, నన్ను ఫాలో చేస్తున్నారు. జులైలో ఒక రేవ్‌కి నా స్పీకర్స్ ఇచ్చాను. అప్పుడు నా ప్లేట్ క్యాప్చర్ అయి ఉంటది."

"ఎంతకిచ్చావు?"

"ఫ్రీ. ఫ్రెండ్స్ కదా."

"ఫ్రీగానా? ఇంత గొడవా ఫ్రీగా చేసిన పనికా?"

దానికి నవ్వు ఆగలేదు. నవ్వుతోందని ఒక పోలీసు దాని పేరు మళ్లీ అడిగి రాసుకున్నాడు.

స్పీకర్ల సంగతి అది చూసుకుంటుంది. నా కళ్లు మాత్రం మొక్క మీదే ఉన్నాయి. ఫ్లోరిడాలోని నర్సరీ నుంచి జానెడు మొక్కగా తెప్పించాను. ఈ ఊళ్లో ఉసిరి బయట బతకదు. చలికాలమంతా గదిలో కరెంటు దీపం కింద, వేసవిలో వరండాలో పెట్టి తొమ్మిదేళ్లు పెంచితే నా భుజందాకా వచ్చింది. కార్తీకంలో ఉసిరి నీడన తినాలి. మాకున్న నీడ అదొక్కటే. ఏటా ఎంతమంది వచ్చినా అందరూ వంతులవారీగా దాని పక్కన కూర్చుని ఒక్కో ముద్ద తిని లేచేవాళ్లు. పిల్లలు దాన్ని మామ్మగారి చెట్టు అనేవాళ్లు.

చెట్టు చుట్టూ ముగ్గు, పసుపు, కుంకుమ, వెలిగి ఆరిన కర్పూరం. సూటు వేసుకున్న డిటెక్టివ్ వంగి, ఈకల్లాంటి ఆ సన్నటి ఆకుల్ని ఫొటో తీసి, ఇదేం మొక్కని ఇంగ్లీషులో అడిగాడు. మనవరాలు చెప్పింది. తెల్లపొడి ఏమిటన్నాడు. బియ్యప్పిండి అన్నాను. పచ్చపొడి పసుపనీ, ఎర్రది కుంకుమనీ చెప్పాను. వాసన దేనిదన్నాడు. కర్పూరం కాల్చామన్నాను. నేను చెప్పిన ప్రతి నిజానికీ ఆయన ముఖం మరికాస్త బిగుసుకుంది. చేతికి తొడుగులు వేసుకుని కుండీకి ఒక ట్యాగు కట్టాడు.

రైతు రాసిచ్చిన అనుమతి నా సంచిలో ఉంది. తీసి చూపించాను. అది భోజనానికేనట. యాభై మంది దాటి, మైకు కూడా పెడితే కౌంటీ పర్మిట్ ఉండాలట. యాభై దాటారని మీకెలా తెలుసన్నాను. ఆయన ఫోను తిప్పి నా సందేశమే నాకు చూపించాడు. మొత్తం అరవై మూడు మంది అని ముందురోజు నేను గ్రూపులో పెట్టినది.

గ్రూపులోకి ఆయన వారం కిందట చేరాడు. మనవరాలు తన పేజీలో పెట్టిన లింకు పట్టుకుని వచ్చాడట. నా ప్రశ్నలకి అందరికన్నా ముందు, వరసగా జవాబు ఇచ్చింది ఆయనే. ఇద్దరం, శాకాహారం, పదకొండింటికి వస్తాం. మిగతావాళ్లు మూడుసార్లు అడిగితే గానీ పలకరు. అందుకని ఈయన్ని చూసి నేర్చుకోండి అని గ్రూపులో నేనే రాశాను. అరవై మూడులో ఆ ఇద్దరూ పోలీసులు.

"పదకొండింటికి వస్తానన్నారు," అన్నాను. "ఇరవై నిమిషాలు ఆలస్యం."

ఆయన సారీ చెప్పాడు. నిజంగానే చెప్పాడు. కుండీ ఎత్తుతుంటే, దానికి చలి పనికిరాదు, లోపల వెచ్చగా పెట్టండి అని రెండుసార్లు చెప్పాను. అలాగే మేడమ్ అన్నాడు.

మంగళవారం రాత్రి మంచు పడుతుందని ఫోను చూపిస్తోంది. సోమవారం ప్రభుత్వ సెలవు, పోలీసులు పట్టుకెళ్లిన సామాన్లు దాచే ఆఫీసు తెరవలేదు. మంగళవారం తొమ్మిదింటికల్లా మనవరాలూ నేనూ ఆ కౌంటీ సామాన్ల ఆఫీసు కిటికీ ముందున్నాం. దారిలో ప్లేటు కెమెరా స్తంభం దాటిన ప్రతిసారీ అది తలమీద టోపీ కిందికి లాక్కుంది. కెమెరా చూసేది కారుని కదే, టోపీతో ఏం లాభమే అంటే, తెలుసు అమ్మమ్మా, హ్యాబిట్ అంది.

కిటికీలోని అమ్మాయి కంప్యూటరు చూసి, మొక్క ల్యాబ్ పరీక్షకి ఆగి ఉందనీ, ఫలితం వచ్చేదాకా ఇవ్వరనీ చెప్పింది. ఎన్నాళ్లు అంటే మూడు నుంచి ఆరు వారాలు. పోనీ ఇప్పుడెక్కడుందో చెప్పమన్నాను. సామాన్ల గదిలోకి మట్టి తీసుకురాకూడదని రూలట. అందుకని వెనక కంచె వేసిన షెడ్డులో పెట్టారు. షెడ్డుకి కప్పుంది, గోడల్లేవు.

డిటెక్టివ్‌ని పిలవమన్నాను. నలభై నిమిషాలకి వచ్చాడు. ల్యాబ్‌కి నాలుగాకులు చాలవా అన్నాను. సాక్ష్యాన్ని విడదీయకూడదట. మా ఖర్చుతో లోపల ఎక్కడైనా పెట్టించమన్నాను. అలాంటి ఏర్పాటు లేదట. నేను తెచ్చిన పాత దుప్పటి కౌంటరు మీద పెట్టి, ఇదొక్కటి కప్పించండి, రాత్రికి ఇరవై ఆరు డిగ్రీల ఫారెన్‌హీట్‌కి, నీళ్లు గడ్డకట్టే చలికి, దిగుతుంది అన్నాను. దుప్పటి తీసుకున్నాడు. అడుగుతానన్నాడు.

"మేం చూసిన వాటిలో మీ ఏర్పాట్లే అన్నిటికన్నా పక్కాగా ఉన్నాయి మేడమ్. రేవ్‌లు పెట్టేవాళ్లు కూడా ఇంత జాగ్రత్తగా చేయరు," అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు.

నాకు అరవాలనిపించింది. అరిస్తే మొక్కకి ఏమవుతుందోనని ఊరుకున్నాను. వెనక్కి వస్తుంటే షెడ్డు కనిపించేలా కంచె పక్కగా కారు పోనిమ్మన్నాను. రెండు సైకిళ్లకీ ఒక గడ్డికోత యంత్రానికీ మధ్య కుండీ కనిపించింది. ఆకులు అప్పటికింకా పచ్చగా ఉన్నాయి. కంచె దగ్గర దిగుదామంటే మనవరాలు దిగనివ్వలేదు.

"అమ్మమ్మా, కెమెరా ఉంది. నువ్వు దిగితే ఇంకో ఫైల్ ఓపెన్ చేస్తారు. ప్లీజ్, సిట్."

కుక్కకి చెప్పినట్టు చెప్తావేమే అన్నాను. అది కారు పోనిచ్చింది. కాసేపటికి అది కళ్లు తుడుచుకోవడం చూశాను. చూడనట్టే కూర్చున్నాను.

తర్వాత వారానికి రెండుసార్లు ఫోను చేశాను. ప్రతిసారీ మర్యాదగా మాట్లాడారు. ఒకరు ల్యాబ్‌ని అడగమంటారు, ల్యాబ్‌వాళ్లు ఆఫీసుని అడగమంటారు. ఐదో వారం చివర ఫలితం వచ్చింది. అది నిషేధించిన మొక్క కాదు. తెల్లపొడి బియ్యప్పిండే. పర్మిట్ కేసు కూడా ఎత్తేశారు. వచ్చి తీసుకెళ్లమన్నారు.

వెళ్లాం. ఆకు ఒక్కటీ లేదు. కాండం నల్లబడి ఉంది. కుండీ పక్కన నా దుప్పటి, నాలుగు మడతలు పెట్టి, దానికీ ఒక ట్యాగు కట్టి ఉంది. మొక్కతోపాటు వచ్చిన వస్తువుగా దాన్నీ నమోదు చేశారు. ఎవరూ విప్పలేదు. ఇంటికి తెచ్చి గోటితో బెరడు గీకుతూ పై నుంచి కిందికి వచ్చాను. ఎక్కడైనా పచ్చదనం ఉంటే అక్కడికి కోసి బతికించవచ్చు. మట్టిదాకా గీకినా కనిపించలేదు.

ఈ యేడు వనభోజనాలకి ఎంతమంది అని ముందుగానే అడిగాను. పద్నాలుగు మంది వస్తామన్నారు. వీసా మీద ఉన్నవాళ్లు ఒక్కరూ లేరు. వాళ్ల నంబరు ప్లేట్లు ఎక్కడ, ఎన్నాళ్లు దాచి ఉంచుతారో ఎవరూ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. ఆ రోడ్డు మీద మనవరాల్ని ఆ తర్వాత మూడుసార్లు ఆపారు, ఒక్కసారీ జరిమానా వేయలేదు. అటువైపు పనులు ఒప్పుకోవడం మానేసింది.

పోయినవి ఇవి. ఆ రోజు వచ్చిన అరవై ఒక్కరిలో నలభై ఏడు మంది మనుషులు. పదిహేను అడుగుల స్పీకరు తీగ ఒకటి, స్పీకర్లతోపాటు తిరిగి రాలేదు. వడ్డించకుండా పారబోసిన పులిహోర సగం గిన్నె, అందులో ఇద్దరు పోలీసుల భాగం కూడా ఉంది. తొమ్మిదేళ్ల ఉసిరి మొక్క ఒకటి. దుప్పటి తిరిగి వచ్చింది.