డ్యూటీ ముక్క

మా ఇంట్ల మేక కార్జం వండిన నాడు మంచి ముక్కలన్ని బాపుయి, గిన్నె అడుగుకు అంటిన మసాలా అవ్వది. అవ్వంటే నన్ను కన్నతల్లి. బాపు బొగ్గుబాయిల పనిచేసినన్నొద్దులు ఆ ముక్కకు డ్యూటీ ముక్క అని పేరు. భూమి కిందికి దిగే మనిషి, గట్టి తిండి ఆయనకే పడాలె. బాయి మీద బతికే ఇండ్లల్ల గిదే రివాజు. సరే, అప్పటిదాక నేనూ ఒప్పుకుంట. రిటైరయ్యి, క్వార్టరు ఖాళీ చేసి, గోదావరిఖనిల రెండర్రల ఇంటికి మారినంక గూడ ఆ ముక్క రిటైరు గాలే. పొద్దంత అరుగు మీద పేకలాడే మనిషికి ఏం డ్యూటీ ఉంటదో నాకు ఇప్పటికీ సమజ్ గాదు.

డ్యూటీ ఉన్నది అవ్వకు. ఆఫీసర్ల కాలనీల ఒక బంగ్లాకు వంటకు పోయేది. ఆ ఆఫీసరు తల్లిది, అవ్వది ఇంచుమించు ఒకటే ఈడు. ఆమెకు పొద్దుగాల నానబెట్టిన బాదంపప్పు, ఆ తర్వాత దానిమ్మ రసం, పగటీలి పాలకూర పప్పు, నెయ్యి. అన్నిటికి వద్దు వద్దనేది. అవ్వ పక్కన కూసోని, "ఒక్క బుక్క తినుండ్రి అమ్మా, మా తల్లి గదా" అని చంటిపిల్లకు పెట్టినట్టు తినిపిచ్చేది. ఆ ముసలామె చెడ్డదేం గాదు. "నువ్వు తిన్నవా?" అని అడిగేదట. "ఆఁ, తినే వచ్చిన" అనేది అవ్వ. ఏం తిన్నది, నా మొఖం! రాత్రి మిగిలిన అన్నం, ఇంత పచ్చిపులుసు.

ఒకనాడు ఆ వంటింట్లనే కండ్లు తిరిగి కూలబడ్డది. నేను మందమర్రిల మా అత్తగారింటి నుంచి ఉరికొచ్చి దవాఖానకు తీస్కపోయిన. గర్భసంచిల గడ్డ ఉన్నది, తీసెయ్యాలె అన్నది డాక్టరమ్మ. "కానీ ఒంట్లో రక్తం లేదు, బలం లేదు. రక్తం ఎక్కించినా ఇంత నీరసం మీద మత్తు ఇవ్వలేం. గుడ్లు, కార్జం, ఆకుకూరలు బాగా పెట్టి తీసుకురండి" అని చెప్పింది. ఇంట్ల తిండికి ఇబ్బందా అని గూడ అడిగింది పాపం.

"మా ఇంట్ల తిండికేం తక్కువ లేదు మేడం" అన్నడు బాపు, ఛాతి ఇరుసుకోని. అబద్ధమేం గాదు. ఆయనకు తక్కువ లేదు.

ఇగ వారం వారం నేనే గుడ్లు, కార్జం పట్టుకపోయి, వండి, "ఇది నీకు, అచ్చంగ నీకే" అని ఒట్టు పెట్టించి వచ్చేదాన్ని. ఒకసారి మరిచిపోయిన సంచి కోసం బస్టాండు నుంచి వెనుకకు పోతె, బాపు పళ్లెంల నా కార్జం. ఎదురుంగ అవ్వ, ఆయన తింటుంటె చూస్తున్నది. నాకు ఒళ్లు మండింది.

"ఏందవ్వా గిది?"

"మీ బాపు ముంగట పెట్టుకోని నేనెట్ల తింటనే? ముద్ద దిగుతదా? ముసల్దానికి నాలిక లేసిందని నలుగురు నవ్వరా?"

"నేనేమన్న అడిగిన్నా? పెట్టింది, తిన్న" అన్నడు బాపు.

"బంగ్లాల ముసలామెను బతిమిలాడి తినిపిస్తవు. నిన్ను ఎవరు బతిమిలాడాలె?" అని లొల్లి పెట్టుకున్న. నవ్వింది. "నువ్వున్నవు గద" అన్నది. మిగిలినదాంట్ల అన్నం కలిపి నోట్ల పెడితె, దొంగతనం చేసినట్టు తలుపు దిక్కు చూసుకుంట నమిలింది.

రక్తం పెరుగలే. ఆపరేషన్ వెనుకకు జరుపుకుంట జరుపుకుంటనే అవ్వ పోయింది.

మూడోనాడు పిట్టకు పెట్టాలె. పోయినోళ్లకు ఇష్టమైనయి వండి, ఆకుల పెట్టి, కాకి ముట్టేదాక చూస్తం. "మీ అవ్వకు ఏమిష్టమే?" అని అడిగింది మేనత్త. బాపుకు ఏమేం ఇష్టమో వాడకట్టంత చెప్తది. అవ్వది ఎవరికీ తెల్వది, నాకు గూడ. బాపు ఆలోచన చేసి, "కార్జం పెట్టుండ్రి. మంచిగ వండేది" అన్నడు.

వండేది! తినేది అనలే.

నేనే వండిన. కాకి వచ్చి ముట్టింది. అందరు హమ్మయ్య అనుకున్నరు. తర్వాత బంతిల మొగోళ్లు కూసున్నరు. మేనత్త కార్జం గిన్నె పట్టుకోని సీదా బాపు దిక్కు నడిచింది, "పెండ్లాం పోయి సగమైండు, నాలుగు ముక్కలు ఎక్కువ ఏస్త" అనుకుంట. నేను ఎదురుపోయి గిన్నె గుంజుకున్న. అక్కడనే, అందరి నడుమ కూసోని, ఒక్కొక్క ముక్క తీసి నోట్ల ఏసుకున్న. ఏడ్పు, ముక్క ఒక్కతీరుగనే దిగినయి.

"ఛీ, సిగ్గు లేదానే?" అన్నది మేనత్త.

బాపు మాత్రం తిట్టలే. అన్నం మీద చెయ్యి పెట్టుకోని ఎదురుచూసి, "ఇంక లేదా బిడ్డా?" అని అడిగిండు.

గిన్నె తీస్కపోయి ఆయన ముంగట పెట్టిన.

"అడుగుకు మసాలా ఉన్నది బాపు. అండ్లనే అన్నం కలుపుకో. అవ్వ గట్లనే తినేది."