తుడిచేసిన చోటు

ఊళ్ళో కార్లన్నీ చల్లబరిచే ఏసీ మేస్త్రికి సొంత షెడ్డులో ఉన్నది గొంతు బొంగురుపోయిన ఫ్యాను ఒక్కటే. ఎవరైనా ఎగతాళి చేస్తే, "పొద్దస్తమానం వండేవాడికి ఆకలెక్కడిది?" అని నవ్వేసేవాడు. ఆ నవ్వు పోగొట్టింది ఎవరి బండో కాదు, సొంత అక్క బండి.

అసలీ పని అతనికి నేర్పింది అక్క మొగుడే. చదువబ్బక గాలికి తిరుగుతున్న బావమరిదిని చెవి పట్టుకుని షెడ్డుకు లాక్కొచ్చి, పానా పట్టడం దగ్గర్నుంచి అన్నీ నేర్పాడు. తర్వాత బావకి నరాల జబ్బు పట్టుకుంది. ఒంటికి వేడి తగిలితే చాలు, కాళ్ళు చెప్పిన మాట వినవు. చల్లబడితే మళ్ళీ దారికొస్తాయి. ఆయన్ని చికిత్సకి తీసుకెళ్ళే కారులో ఏసీ సుఖం కోసం కాదు. బావ ఆసుపత్రి గుమ్మం దగ్గర తన కాళ్ళ మీద తను దిగాలంటే అది పనిచేసి తీరాలి.

ఆ ఏసీయే మొరాయించింది. గ్యాసు నింపితే నాలుగు రోజులు మంచులా ఉండేది, నెల తిరక్కుండానే వేడిగాలి కొట్టేది. పెద్ద లీకైతే బుస్సుమని తన సంగతి తనే చెబుతుంది. సన్న లీకు దొంగపిల్లి లాంటిది. పాలు తగ్గడం తెలుస్తుంది గానీ పిల్లి కనపడదు.

దాన్ని పట్టుకోవడానికి ఓ పద్ధతుంది. గ్యాసుతో పాటు పైపుల్లో తిరిగే నూనెలో ఒక రంగు కలుపుతారు. కొన్నాళ్ళాగి, పసుపు కళ్ళద్దాలు పెట్టుకుని ఊదారంగు టార్చి వేస్తే కారే చోట చిలకాకుపచ్చగా మెరుస్తుంది. మేస్త్రి ఎప్పటిలాగే ముందు గేజి తగిలించి గ్యాసు ఎంత పోయిందో చూసుకున్నాడు. తర్వాత టార్చి పట్టుకుని అంగుళం అంగుళం వెతికాడు. గ్యాసు ఎక్కించే మూతి దగ్గర తప్ప ఎక్కడా మెరవలేదు. అక్కడ మెరవడం మామూలే, గేజి గొట్టం తగిలించేది అక్కడే, పీకినప్పుడల్లా ఒక చుక్క చిందుతుంది. "అక్కడ కనపడేది లీకు కాదురా, మన చేతి మురికి. తుడిచేసి ముందుకెళ్ళు" అని బావ మొదట్లోనే నేర్పాడు. మేస్త్రి తుడిచేసి, మూత పెట్టి, ముందుకెళ్ళాడు.

ముందుకెళ్ళి ఏం చేశాడో చెబితే ఏడుపొస్తుంది. అతుకుల్లో రబ్బరు రింగులన్నీ మార్చాడు. కండెన్సరు మార్చాడు. సీట్లు బయటికి లాగి, డ్యాష్‌బోర్డు విప్పి, అద్దెకున్నవాళ్ళ చేత ఇల్లు ఖాళీ చేయించినట్టు కారుని గుల్ల చేసి లోపలి కాయిలు కూడా మార్చాడు. ప్రతిసారీ అక్క ఫోను వచ్చేది.

"మళ్ళీ వేడిగానే వస్తోందిరా తమ్ముడూ."

ప్రతిసారీ ముందు గేజి, తర్వాత టార్చి, మూతి దగ్గర పచ్చమరక, గుడ్డతో ఒక తుడుపు. "ఇంకా మార్చనిది హారనొక్కటే, అదీ మార్చెయ్" అన్నాడు పక్క షెడ్డులో పంక్చర్లు వేసే మనిషి. మేస్త్రికి నవ్వు రాలేదు. అన్నం కూడా సహించడం మానేసింది.

ఒక మధ్యాహ్నం అక్కాబావా ఆసుపత్రికి వెళ్తూ ట్రాఫిక్కులో ఇరుక్కుపోయారు. ఏసీ వేడిగాలి కొట్టింది. కిటికీ దించితే అంతకంటే వేడి. ఎలాగో గుమ్మం దాకా చేరాక, అక్క చక్రాల కుర్చీ తెచ్చేలోపు బావ ఎప్పటిలా దిగబోయాడు. కాళ్ళు ఆనలేదు. మెట్టు మీద పడి తుంటి విరిగింది. ఆపరేషనైతే చేశారు గానీ, ఈ జబ్బుతో ఇక లేచి నడవడమన్నది కల్ల అని డాక్టరు తేల్చేశాడు.

"ఆ కారు అమ్మిపారెయ్. నా కళ్ళ ముందు ఉండకూడదు" అంది అక్క, తమ్ముడి మొహం చూడకుండా.

కారు షెడ్డులో దుమ్ము కొట్టుకుని పడి ఉంది. అమ్మేస్తే మేస్త్రికీ పీడ వదిలేది. కానీ లీకున్న బండిని ఇంకొకరికి అంటగట్టడానికి మనసొప్పలేదు. ఒక సాయంత్రం బానెట్టు ఎత్తాడు. గేజి తగిలించే ఓపిక లేక, ఊరికే టార్చి వేశాడు.

మూతి దగ్గర పచ్చగా మెరిసింది.

ఆఖరిసారి గ్యాసు నింపినప్పుడు దాన్ని శుభ్రంగా తుడిచింది తనే. ఆ తర్వాత అక్కడ గొట్టం పెట్టినవాడు లేడు. మరి ఈ చుక్క ఎక్కడిది? మూత విప్పితే లోపలంతా పచ్చటి జిగురు. మూతలో ఉండాల్సిన రబ్బరు వాషరు లేదు, ఎప్పుడో ఊడిపోయింది. మూతిలో గ్యాసుని ఆపే పిన్ను మీద సబ్బునీళ్ళు వేశాడు. ఒక బుడగ మెల్లగా ఉబ్బి, పగిలింది. కాసేపటికి ఇంకోటి లేచింది.

బఠాణీ గింజంత పిన్ను, ఒక మూత. చిటికెలో మార్చే పని. మార్చేశాడు. మార్చి, నేల మీద చతికిలబడి, నెత్తి మొత్తుకుని ఏడ్చాడు.

మర్నాడు లీకు దొరికిందని మాత్రం అక్కకి ఫోన్లో చెప్పి, బావని చూడడానికి వెళ్ళాడు. గదిలో కిటికీలన్నింటికీ మందపాటి తెరలు వేసి ఉన్నాయి. బావ వెల్లకిలా పడుకుని, తల మాత్రం ఇటు తిప్పాడు.

"దొరికిందటగా?"

"దొరికింది బావా."

"ఎక్కడ?"

మేస్త్రి చొక్కా జేబు తడుముకున్నాడు. పాత మూత జేబులోనే ఉంది. "కంప్రెసరు వెనక, సీలులో. కింద పడుకుని చూసినా కనపడని చోటు."



"మూత కింద చూశావా?"

"చూశా. అక్కడేం లేదు. నువ్వన్నట్టే, చేతి మురికి."

బావ గట్టిగా ఊపిరి వదిలాడు. ఇన్ని రోజుల్లో ఆ మొహం అంత తేలికపడడం మేస్త్రి చూడలేదు.

"పడకముందే అనుమానమొచ్చిందిరా, మూత కిందేమోనని. తుడిచెయ్యమని నేర్పిందే నేను. నిజమైతే నా పరువేం కావాలని నోరు మెదపలేదు. అడిగుండాల్సింది, కదూ?"

మేస్త్రి దుప్పటి సరిచేసే వంకతో తల దించుకున్నాడు.

"అడిగినా ఏం మారేది కాదులే బావా" అన్నాడు.