నూరా... తొంభై తొమ్మిదా?

మా చిన్నప్పుడు... చీరాలలో, సెలూన్ ముందు నేనూ సత్తిగాడూ చొక్కాలు పట్టుకుని కొట్టుకుంటున్నాం. మా కాళ్ల దగ్గర సబ్బు నురగ అంటిన పేపరు ముక్క ఒకటి...

గొడవ ఒక సెంచరీ గురించి. ఆటగాడి పేరు చెప్పను. చెబితే కింద కామెంట్లలో మీరూ కొట్టుకుంటారు!

కార్డులు కొనుక్కునే స్తోమత మాకెక్కడిది... పేపర్లో ఆటగాళ్ల ఫొటోలు కత్తిరించి, పాత శుభలేఖల అట్టల మీద అన్నం మెతుకులతో అంటించేవాళ్లం. వెనక సిరాతో సెంచరీలు రాసేవాళ్లం. ఎన్ని సెంచరీలుంటే కార్డుకి అంత విలువ. ఆరు కొట్టినవాడు కావాలంటే ఒక్కటి కొట్టినవాళ్లను ఆరుగురిని ఇచ్చుకోవాలి.

ముందు రోజు రేడియోలో సరిగ్గా తొంభై తొమ్మిది దగ్గర గరగర మొదలైంది. "కొట్టేశాడు, నూరు!" అన్నాను నేను. "నీ మొహం, ఔటయ్యాడు" అన్నాడు సత్తిగాడు. పందెం వేసుకున్నాం... ఓడినవాడి కట్ట మొత్తం గెలిచినవాడిది.

మా వీధిలో పేపరు వచ్చేది ఆ సెలూన్‌కే. పొద్దున్నే పరిగెత్తితే స్కోరు ఉండే మూల లేదు! కత్తికంటిన నురగ తుడవడానికి చింపారట. చెత్తలోంచి తీసి చూస్తే అక్షరాలన్నీ అలుక్కుపోయాయి. అప్పుడే గడ్డం గీయించుకుని వెళ్లింది ఎవరయ్యా అంటే... సత్తిగాడి నాన్న!

"నువ్వే చింపించావురా దొంగా!"

"నూరు అన్నది నువ్వు. రుజువు నువ్వే చూపించు."

నా ముప్ఫై ఒక్క కార్డులూ పట్టుకుపోయాడు. ఆ రోజు నుంచి మాటల్లేవు. వాడి పెళ్లికి కూడా వెళ్లలేదు నేను.

అలాంటి సత్తిగాడు పోయిన ఆదివారం ఈ పరాయి దేశంలో, టూంగాబీలో మా అమ్మాయి ఇంటికి బార్బీకి, అదే పెరట్లో చికెన్ కాల్చుకుని తినే విందుకి వచ్చాడండీ! దగ్గర్లోనే ద పాండ్స్‌లో కూతురి దగ్గర ఉంటున్నాడట, ఆ పిల్ల మా అమ్మాయికి స్నేహితురాలట. చూడగానే ఒళ్లు మండిపోయింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను!

"ఒరేయ్, ఈ దేశంలో పాత కార్డులకి బోలెడు డాలర్లిస్తారట. నా కట్టేదిరా?"

"నీ మెతుకులకి చీమలు పట్టాయిరా. మా అమ్మ పొయ్యిలో పెట్టేసింది."

"నూరు కొట్టినోడిని పొయ్యిలో పెట్టిస్తావా!"

"తొంభై తొమ్మిది కొట్టినోణ్ణి!"

ప్లేట్లలో చికెన్ చల్లారిపోయింది... గంటసేపు తిట్టుకున్నాం. ఆఖరికి మా అమ్మాయి ఫోన్ తీసింది.

"నాన్నా, అంకుల్, ప్లీజ్! ఏ మ్యాచో చెప్పండి, చెక్ చేస్తా. టూ సెకండ్స్‌లో తెలిసిపోతుంది."

"వద్దు!"

ఇద్దరం ఒకేసారి అరిచాం.

నిజం చెబుతున్నా, నాకు భయమేసింది. యాభై ఐదేళ్లుగా నాదే రైటని నమ్ముకుని బతుకుతున్నాను. వాడూ అంతే, ఫోన్‌కి చేయి అడ్డం పెట్టాడు.  అమ్మాయి ఫోన్ జేబులో పెట్టిందో లేదో, మళ్లీ మొదలెట్టాం!

వెళ్తూ వెళ్తూ "వచ్చే ఆదివారం వస్తా, నీ సంగతి చూస్తా" అన్నాడు. "రారా, రా" అన్నాను.

ఇప్పుడు ప్రతి పరుగూ అరచేతిలోనే... తగువు పుట్టేలోపే తీర్పు వచ్చేస్తోంది. ముసలితనం దాకా దాచుకోవడానికి ఒక్క అనుమానం కూడా మిగలడం లేదు పాపం ఈ పిల్లలకి...

మీకూ ఇంకా తేలని తగువేదైనా ఉంటే కింద రాయండి. ఎవరిది రైటో మాత్రం వెతక్కండి!