రేసు కారుకు దాపట, వలపట

మా వయసు రోజుల్లో ఆర్మూర్‌లో ఇంటిముందు కారు ఉండడమంటే ఏనుగును కట్టేసుకున్నట్టే లెక్క. ఆ ఏనుగు దంతాలు పీకినవాడు మా మరిది. (అన్నం కూడా రయ్యిమని తినేవాడు కాబట్టి ఇంట్లో పేరు రయ్యి.) ఊళ్లో ర్యాలీ పందెం పెడుతున్నారని తెలిసి, మామ కొన్న చిన్న తెల్ల కారులోంచి వెనక సీటు పీకేసి, లోపల ఇనుప గొట్టాలు అతికించి, తలుపుల మీద నంబరు రాయించి, "గిప్పుడు గిది ర్యాలీ కారు వదినె" అన్నాడు. అగ్గిపుల్లను కూడా పొదుపుగా గీసే నేను, లక్షణమైన సీటు పీకినందుకు రెండు రోజులు మాట్లాడలేదు. మామ మాట్లాడింది ఒక్క మాటే: "పన్నెండు కొట్టేలోపు పందెం ముగించుకొని రా. రాకుంటే సీటు మళ్ల ఎక్కుతది, నువ్వు పసుపు మార్కెట్ల కూసుంటవ్."

తీరా పందెం రోజు పొద్దున, పక్కన కూర్చుని మలుపులు చెప్పాల్సిన స్నేహితుడికి ఒళ్లంతా అమ్మవారు పోసింది. రెండో మనిషి లేకుంటే కారును వదలరు. పోవాల్సింది వేల్పూర్ మీదుగా ముప్కాల్ దాకా, మళ్లీ వెనక్కి, అన్నీ మట్టిదారులు. ముప్కాల్ నా పుట్టిల్లు. అన్నదమ్ములు లేని ఇంట్లో పుట్టి చిన్నప్పుడే ఎడ్లబండి తోలినదాన్ని, అక్కడి గుంతలన్నీ నాకు పేరుపేరునా తెలుసు. రయ్యి మొహం చూడలేక మామే అన్నాడు, "నువ్వు పో బిడ్డ." మా ఆయన గోడవతలికి పోయి నవ్వుకున్నాడు. కొంగు మీద హెల్మెట్ పెట్టి, నాలుగు పట్టీలతో నన్ను బస్తా కుట్టినట్టు బిగించారు. చేతిలో పెట్టిన మలుపుల కాగితం ఇంగ్లీషులో ఉంది. నా చదువు మూడో తరగతి, అదీ తెలుగులో. మడిచి రవికెలో దోపుకున్నాను.

వేల్పూర్ దాకా బాగానే పోయాం. ఆ తర్వాత దారి రెండుగా చీలిన చోట "దాపట" అని అరిచాను. రయ్యి కుడికి తిప్పాడు. కారు పోయి పోయి పసుపు ఆరబెట్టిన కళ్లం అంచున ఆగింది.

"దాపట అంటే గిటేనా?" అని అరిచాను.

"నాకేం తెలుసు వదినె? కుడి, ఎడమ అని చెప్పరాదా?"

"ఎడమ దిక్కు ఎద్దు దాపట, కుడి దిక్కుది వలపట. పసుపు రైతు కొడుకువు, గది గూడ తెల్వదా?"

"నేనెన్నడన్న ఎడ్లను కట్టిన్నా?"

కళ్లంలో చీపురు పట్టుకున్న ముసలామె మమ్మల్ని తేరిపార చూసి, "పెండ్లి కారా బిడ్డ, పూలు కట్టలేదేంది?" అంది. రయ్యి నవ్వలేదు. స్టీరింగు మీద తల వాల్చాడు. "అయిపోయింది వదినె, రేపటికెల్లి నేను మార్కెట్లనే" అన్నాడు. నాకు అప్పుడు సీటు సంగతే గుర్తుకు రాలేదు. "ఏడ్సుడు తర్వాత. ఎడమకు తిప్పాల్నంటే 'నా దిక్కు' అంట, కుడికైతే 'నీ దిక్కు' అంట. తిప్పు" అన్నాను.

ఇక చూడాలి. నా దిక్కు, నీ దిక్కు, మళ్లీ నా దిక్కు. గుంతొస్తే ఎడ్లను ఆపినట్టు "హో... హో" అన్నాను, దారి సాఫీగా ఉంటే ఎడ్లను అదిలించినట్టు నాలుక టకటకలాడించాను. ఎద్దుకన్నా బాగా అర్థం చేసుకున్నాడు. నా పుట్టింటి ముందునుంచి పోతున్నప్పుడు వాకిట్లో చాట పట్టుకున్న అమ్మ కనిపించింది, చెయ్యూపేలోపే మాయమైంది. అంతే, నవ్వు పుట్టింది. ఎంత ఆపుకున్నా ఆగక, "జర తొక్కు అయ్య, ఇంక తొక్కు" అని నేనే అరిచాను.

ఆర్మూర్ చేరేసరికి జెండా పట్టుకున్నాయన దాన్ని చుట్టేస్తున్నాడు. పన్నెండుకు ఇంకా మూడు నిమిషాలున్నాయి. మాదే ఆఖరు కారు.

"ఎన్నో నంబరొచ్చిన్రు?" అని అడిగాడు మామ.

"ఆఖరు" అన్నాడు రయ్యి, తల దించుకుని.

మామ గడియారం చూసి, నా మొహం చూసి (దుమ్ము కొట్టుకుని, పళ్లన్నీ బయటపెట్టి ఉన్నాను), "యాళ్లకొచ్చిన్రు. సీటు అట్లనే ఉండనియ్" అన్నాడు.

ఇప్పుడు మనవరాలు స్కూటర్ మీద ఎక్కించుకుంటే మెల్లగా పొమ్మని భుజం గిల్లుతాను. పెద్దరికం ఉంది కదా. తిన్నని రోడ్డొస్తే మాత్రం కాసేపు గిల్లను.