పన్నెండు కళ్ల పెట్టెకు చిక్కని కొసరు

ఆ దొర మీద నాకు కోపం ఇంకా చల్లారలేదు. నా మీద అంతకంటే ఎక్కువే ఉంది గాని, ఎదుట నిలబెట్టి తిట్టడానికి నేను నాకు దొరకను.

రాజమండ్రి బజారులో మాది పప్పుల కొట్టు. ఇంకోచోట కొన్న సరుకు మీద అనుమానం వస్తే జనం మా నాన్న దగ్గరికి తెచ్చి మళ్లీ తూయించుకునేవారు. ఆయనకున్న పేరల్లా అదే. పప్పు పోసి, ఊగుతున్న తక్కెడ తట్టను వేలితో ఆపి, వేలు తీసేసి, ముల్లు నిలిచేదాకా చూసి, అప్పుడు పిడికెడు కొసరు వేసేవాడు. కొసరు పడనిదే తూకం అయిపోయినట్టు కాదు ఆయనకు.

దొర మనుషుల కదలికలను ఫోటోల్లో పట్టేవాడు. కుమ్మరి సారె తిప్పడం, బెస్తవాడు వల విసరడం అప్పటికే పట్టాడట. ఆయన పెట్టెకు పన్నెండు కళ్లు. మీట నొక్కితే ఒకదాని వెనక ఒకటి తెరుచుకుని, ఒకే పనిని పన్నెండు బొమ్మలుగా తీస్తాయి. నాన్న తూకం కావాలని ఒక ఉదయం దాన్ని మా కొట్టు ముందు దింపించాడు.

"పన్నెండూ తూకానికే కావాలి," అన్నాడు, నేర్చుకున్న తెలుగులో.

అక్కడ నేను నోరు మూసుకోవలసింది. అడిగినదానికి అడిగినట్టు ఒప్పుకోవడం మా వంశంలో లేదు. "పది చాలండి దొరగారూ. కొసరుగా రెండు మాకు వదలండి. నాన్నగారినీ నన్నూ తీయండి."

"పది సరిపోవు."

"అయితే ఈ ఎండలో పెట్టె మోయించుకుని ఇంకో కొట్టు చూసుకోండి."

"ఏంట్రా, దారిన పోయే మనిషితో కూడా బేరమేనా?" అన్నాడు నాన్న.

దొర విసుక్కుంటూనే చివరి రెండు కళ్లకు మూతలు పెట్టాడు. తూకాన్ని పదింటితో పట్టాక, ఆ రెంటితో నాన్ననూ నన్నూ తీశాడు. గెలిచానని నేను ఉన్న నాలుగు వెంట్రుకల మీసం దువ్వుకున్నాను.

నెల తిరక్కుండా ఆ పది బొమ్మలూ ఒక అట్ట మీద అంటించి రీడింగు రూము గోడకు తగిలించారు. మర్నాడే మా పాత ఖాతాదారు, ఒక బడిపంతులు, కొట్టుకు వచ్చాడు.

"ఆరు బొమ్మల్లో మీ వేలు తట్ట మీదే ఉందండి," అన్నాడు నాన్నతో.

"ఊగకుండా ఆపడానికండి. తరవాత తీస్తాను కదండి."

"తీసిన బొమ్మ ఒక్కటే ఉంది. కొసరు బొమ్మ అసలు లేదు."

"ఇన్నేళ్లుగా ఆ కొసరు మీ ఇంట్లోనే ఉడుకుతోంది కదండి."

"నేననడం లేదండి. బొమ్మ అంటోంది."

నాకు ఒళ్లు మండిపోయింది. తిన్న పప్పు కంటే గోడ మీది కాగితం ఎక్కువైపోయింది ఆ మనిషికి. ఆయనొక్కడే కాదు, వచ్చిన ప్రతివాడూ "చెయ్యి కాస్త వెనక్కి పెట్టుకోండి" అనేవాడు. తూకం సరిచూడమని సరుకు తెచ్చేవాళ్లు రావడం మానేశారు.

దొర సామర్లకోటలో మకాం వేశాడని తెలిసి రైలెక్కి వెళ్లాను. "కొసరు బొమ్మ ఒకటి తీయండి. లేదా ఆ అట్ట కింద ఒక్క ముక్క రాయండి," అని అడిగాను.

"నా పెట్టె చూడనిది నేను రాయను. తీయడానికి ఇప్పుడు తీరికా లేదు. పన్నెండు కావాలని ముందే చెప్పాను కదా," అని, బేరంలో కొసరుగా తీసిన మా ఇద్దరి బొమ్మలూ నా చేతిలో పెట్టాడు.

అంత చదువుకున్న దొరకు, పని ఎక్కడ ముగుస్తుందో తూచేవాణ్ణి అడగాలని తోచలేదు. అది తెలిసి కూడా చెప్పకుండా బేరమాడినవాణ్ణి నేను.

నాన్న ఆ ఫోటోలు చూసి, "బాగా పడ్డావురా," అన్నాడు. తిట్టుంటే బాగుండేది.

మర్నాటి నుంచి కుడిచెయ్యి వీపు వెనక పెట్టుకుని, తట్ట దానంతటది నిలిచేదాకా కాచుకునేవాడు. నిలిచాక ఆ చెయ్యి ముందుకు తెచ్చి కొసరు మాత్రం వేసేవాడు. ఆ పిడికెడు పడుతున్నప్పుడు కొనేవాడి కళ్లు పప్పు మీద ఉండేవి కావు, ఆయన వేళ్ల మీద ఉండేవి.