పెద్దులు, బర్మారు పత్రిక

పెద్దులు పోయాడని లింబాద్రి ఫోన్ చేసి చెప్పినప్పుడు ముందుగా నాకొక వాసన గుర్తొచ్చింది. చిత్రిక పట్టిన చెక్క పొట్టు, దానికి అంటుకున్న కాలిన మందు. ఒమాన్‌లోని సూర్‌లో మా షెడ్డు వెనక అతను నిలబడి ఉండే మూల ఎప్పుడూ ఆ వాసనే వేసేది. ముఖం తర్వాత గుర్తొచ్చింది. చెవి మీద పెన్సిలు, కిందికి దిగిన మీసాలు, ఎవరైనా పలకరిస్తే రెండో పిలుపుకు గాని తలెత్తని మనిషి.

మేం పనిచేసిన కంపెనీ తలుపులూ కిటికీలూ చేసేది. ఎనభై ఏడులో నేను కడప నుంచి అక్కడికి స్టోర్‌కీపర్‌గా వెళ్లాను. పెద్దులు అప్పటికే ఉన్నాడు. నిర్మల్ దగ్గరి పల్లె అతనిది, వడ్ల పని, అంటే వడ్రంగం. లింబాద్రిదీ ఆ పక్క ఊరే. ఒకే రూములో ఆరుగురం ఉండేవాళ్లం. లింబాద్రి నోరు మూసేవాడు కాదు, పెద్దులు తెరిచేవాడు కాదు. సాయంత్రం అందరూ వీసీఆర్ ముందు చేరితే పెద్దులు బయట మెట్టు మీద సముద్రం వైపు తిరిగి కూర్చునేవాడు. సముద్రం కూడా అతనికి పట్టేది కాదు. "అటువక్క జూడనీకె ఏం లేదు గదా, అందుకే గూసున్న" అన్నాడొకసారి.

సాలెం అనే ముసలాయన షెడ్డుకు రావడంతో కథ మొదలైంది. గుడ్డలో చుట్టిన పొడుగాటి తుపాకీ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. మూతిలోంచి మందు కూరి, వత్తి అంటించి పేల్చే పాతకాలపుది. గొట్టం చుట్టూ వెండి కట్లు, భుజానికి ఆనించే కర్ర మాత్రం నిలువునా చీలిపోయింది. ఈద్ నాటికి కావాలన్నాడు. తలుపులు చేసేవాళ్లం, ఇది మా పని కాదని ఫోర్‌మన్ చెప్పేలోపే పెద్దులు దాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు. గొట్టం మూతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు.

"బర్మారు" అన్నాడు నాతో. "మా తాతకుండె. మక్కచేన్ల అడివిపందులు వడితె పేల్చెటోడు. నేను మందు గూరిన, భాయ్. కడ్డీ వట్టి దంచితె లోపట్నుంచి ఓ సప్పుడత్తది, గా సప్పుడుతోనే తెలుస్తది, సాలా, ఇంక దంచాల్నా అని."

అతను అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

డ్యూటీ అయ్యాక రోజూ కూర్చుని చేశాడు. సాలెం తెచ్చిచ్చిన సిద్ర్ కర్ర కోస్తూ, "గిది రేగు కట్టె, మనదే" అని నవ్వుకున్నాడు. పాత కర్రకు కొత్త ముక్క అతికిన చోట గోరు పెట్టి చూసినా అతుకు దొరకలేదు. ఈద్ రోజు సాలెం మమ్మల్ని వాళ్ల గుంపు దగ్గరికి పిలిచాడు. మగవాళ్లు రెండు వరసలుగా నిలబడి పాడుతూ, మధ్యలో ఒక్కొక్కరే ఎగిరి తుపాకీ పేలుస్తున్నారు. గుండు ఉండదు, ఉత్త మందే. సాలెం తన వంతు పేల్చి, మళ్లీ మందు కూరి తుపాకీని పెద్దులు చేతికి ఇవ్వబోయాడు.

పెద్దులు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "వద్దు వద్దు. ఎవడన్న జూస్తె బతాకా కార్డు గుంజుకొని ఇంటికి తోల్తరు."

సాలెం నవ్వి తనే పేల్చాడు. పొగ మా మీదుగా వెళ్లింది. పెద్దులు కళ్లు మూసుకుని నిలబడ్డాడు. పొగంతా పోయాక కూడా కాసేపు తెరవలేదు.

ఆ మరుసటి ఏడు రోడ్డు పని ముగించుకుని ఒక ఇంగ్లీషు ఇంజనీరు ఇల్లు ఖాళీ చేశాడు. తలుపులు ఊడదీయడానికి వెళ్లిన పెద్దులు ఒక అట్టపెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చాడు. నిండా పత్రికలు. ఆ బర్మారు తుపాకుల మీద సరదా ఉన్నవాళ్ల కోసమే నడిచే పత్రిక అది.

"నసీర్ భాయ్, గివి జూడు. చెత్తల పారేత్తుంటె తెచ్చిన. ఏం రాసిన్రో సదివి జెప్పు."

"ఇన్నీనా? ఎప్పుడు చదివేది సామీ!"

"సుట్టీల ఊరికి పోయేదాక టైమున్నది గద."

ఆ విధంగా మా శుక్రవారాలు మారిపోయాయి. నేను చదివి తెలుగులో చెప్పేవాణ్ణి, అతను బొమ్మ మీద వేలు పెట్టి వినేవాడు. కర్రకు నూనె ఎన్నిసార్లు పట్టించాలి, కొమ్ముతో మందుబుడ్డి ఎలా చేయాలి, వానలో మందు తడవకుండా పాతకాలపు వాళ్లు ఏం చేసేవాళ్లు. పెద్ద వ్యాసాలు అతనికి అంతగా నచ్చేవి కావు. చివరి పేజీల్లోని చిన్న ప్రకటనలంటే ప్రాణం. ఒకాయనకు ఫలానా కాలపు తుపాకీ గుర్రం, అంటే నిప్పు రాల్చే మీట, కావాలి. ఒకాయన కొడుక్కి ఈ సరదా లేదు కనుక పనిముట్లన్నీ ఇచ్చేస్తాడు. ఒకావిడ, భర్త చనిపోయాడు, ఆయన సగం చేసి వదిలిన తుపాకీని ఎవరైనా పూర్తి చేస్తారా అని అడిగింది.

ఆ చివరిది నాతో మళ్లీ మళ్లీ చదివించుకున్నాడు. కొత్త సంచిక వచ్చినప్పుడల్లా ముందు ఆ సంగతే అడిగేవాడు. "గామె పని ఎవలన్న వట్టుకున్నరా?" మేం చందా కట్టాక పత్రిక కంపెనీ పోస్టుపెట్టెకు వచ్చేది. పెట్టె తాళం నా దగ్గరే ఉండేది.

లింబాద్రి ఊరుకునే రకమా! "ఓ నవాబ్ సాబ్, ఏ రాజ్యం మీదికి దండు పోతున్నవ్? మాకు జర ఓ కోట ఇప్పియ్" అనేవాడు. పెద్దులు పత్రిక మడిచి దిండు కింద పెట్టుకునేవాడు. రూములో ఎవరి సరదా వాళ్లది. సినిమా పాటకు ఆరుగురిలో నలుగురు గొంతు కలుపుతారు. బర్మారు మాట ఎత్తితే కలపడానికి అతనికి ఎవరూ లేరు. నేను చదివి చెప్పగలను గాని, కడ్డీ దంచినప్పుడు వచ్చే చప్పుడు నాకేం తెలుసు? అతను అది చెప్పబోయి నా ముఖం చూసి ఆపేసిన సందర్భాలు ఉన్నాయి.

ఒక శుక్రవారం చదవడం అయ్యాక అతను లేవలేదు.

"భాయ్, మనం గిండ్ల ఏపియ్యరాదా?"

"ఏమి?"

"గీ సిన్న సిన్నవి. చందా కట్టినోళ్లకు ఏడాదికి ఒకటి ఉత్తగనే ఏస్తమని నువ్వే సదివితివి."

"వేస్తారు. ఏమని వేయాల?"

ఎన్నాళ్లుగా అనుకుంటున్నాడో, తడుముకోకుండా చెప్పాడు. "నేను ఒమాన్ దేశంలో సూర్ అనే ఊరిలో వడ్రంగిని. పాత వత్తి తుపాకులకు కర్ర బాగు చేస్తాను. అమ్మడానికి ఏమీ లేదు. కొనడానికి ఏమీ వద్దు. ఈ పని తెలిసినవారు ఉత్తరం రాయండి." అతను తన భాషలో చెప్పింది నేను ఇంగ్లీషులో పెడితే ఇలా వచ్చింది.

పక్క మంచం మీంచి లింబాద్రి లేచి కూర్చున్నాడు. "అరేయ్, అమ్మేది లేదు, కొనేది లేదు, మరి గదేం అడ్వటైజురా? పెండ్లి సంబంధమా?"

"ఒక్కడన్న రాస్తడు" అన్నాడు పెద్దులు. అతని చెవులు ఎర్రబడ్డాయి. "అంత పెద్ద దునియల ఒక్కడన్న."

స్టోర్‌లో ఉన్న మిషను మీద టైపు చేసి ఇచ్చాను. ప్రకటన కింద పేరూ ఒక నంబరూ మాత్రమే అచ్చవుతాయి. ఆ నంబరుకు వచ్చిన ఉత్తరాలను పత్రికవాళ్లే కట్టకట్టి ప్రకటనదారు చిరునామాకు పంపిస్తారు. ఆ చిరునామా రాసే చీటీ తనే నింపుతానన్నాడు పెద్దులు. "పేరు నాది, అడ్రసు నాది. నా చేత్తోనే రాస్త." రాత్రి భోజనం మానుకుని, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, చెక్క మీద అక్షరాలు చెక్కినట్టు రాశాడు. కవరు అంటించాకే నాకిచ్చాడు.

ప్రకటన అచ్చయింది. అతని పేరు మీద నా వేలు పెట్టి చూపించాను. లింబాద్రి కూడా లేచి వచ్చి ఆ పేజీ చూశాడు. "నీయవ్వ, నిజంగనే ఏసిన్రురా" అన్నాడు.

అప్పటి నుంచి నేను పోస్టాఫీసుకు బయలుదేరినప్పుడల్లా పెద్దులు రంపం ఆపేవాడు. తిరిగి వచ్చేసరికి గేటు దగ్గర ఏదో పని కల్పించుకుని ఉండేవాడు. నేను దూరం నుంచే తల అడ్డంగా ఊపేవాణ్ణి. అతను రంపం దగ్గరికి వెళ్లిపోయేవాడు. కంపెనీ బిల్లులు, రూమువాళ్ల ఉత్తరాలు, పత్రిక సంచికలు అన్నీ వచ్చేవి. అతనికి ఇంటి నుంచి తప్ప ఎవరి నుంచీ ఏమీ రాలేదు. దేవవ్వ, అంటే అతని భార్య, ఉత్తరాలు ఎవరితోనో రాయించి పంపేది. వానలు, పిల్లల చదువు, బర్రె ఈనడం.

ఎండలు పోయి చలి వచ్చింది, మళ్లీ ఎండలు వచ్చాయి. ఒక శుక్రవారం నేను కొత్త సంచిక తెరిస్తే అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు తీ భాయ్. మనది సూసి నవ్వుకున్నరు కావచ్చు."

"నవ్వుకునేదానికి ఏముండాది అందులో?"

"లింబాద్రి అననే అన్నడు గద. అమ్మేది లేదు, కొనేది లేదు. గసొంటోనితోని ఏం పని వాళ్లకు."

పత్రికలన్నీ ఇనప పెట్టెలో అడుగున పరిచి, మీద బట్టలు పెట్టేశాడు. మెట్టు మీద సముద్రం వైపు కూర్చోవడం ఎక్కువైంది. సాలెం మరో తుపాకీ తెస్తే చేసిచ్చాడు గాని, మూతి దగ్గర ముక్కు పెట్టలేదు.

తొంభై ఒకటి చివర్లో అతనికి చుట్టీ దొరికింది. తిరిగి వచ్చిన రోజు సామాను కింద పెట్టక ముందే నా స్టోర్‌కు వచ్చాడు. స్టూలు మీద కూర్చున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియని ముఖం.

"రాసిన్రట, భాయ్."

"ఎవరు?"

"వాళ్లే. మస్తు మంది. మా ఇంటికి."

గల్ఫ్‌లో మా చేత నింపించే ఏ కాగితమైనా పాస్‌పోర్టు ముందు పెట్టుకునే నింపుతాం. వీసాకైనా, బతాకాకైనా, బ్యాంకుకైనా. అందులో ఉన్నదే మన చిరునామా. పోస్టుపెట్టె కంపెనీది. పెద్దులు కూడా ఆ రాత్రి పాస్‌పోర్టు తెరిచి అక్షరం అక్షరం చూసి ఊరి చిరునామా రాశాడు. పత్రికవాళ్లు కట్టలు కట్టి అక్కడికే పంపారు.

"ఏవీ మరి ఉత్తరాలు?"

అతను జరిగింది చెప్పాడు. మొదటి కట్ట వచ్చినప్పుడు కంపెనీ కాగితాలేమో అనుకుని దేవవ్వ అటక మీద దాచింది. రెండోదాంట్లో ఫోటోలు ఉన్నాయి. గడ్డాల తెల్లవాళ్లు, చేతుల్లో పొడుగాటి బర్మార్లు. అప్పుడు వాళ్ల వైపు నక్సలైట్ల గొడవతో రోజులు బాగాలేవు. ఎవరింట్లో బర్మారు ఉందని తెలిసినా పోలీసులు వచ్చి తీసుకుపోతున్నారు, దాని వెనకే మనిషినీ తీసుకుపోతున్నారు. తాత తుపాకీని పెద్దులు తండ్రి ఎప్పుడో బావిలో పారేశాడు. అలాంటి ఇంట్లో ఈ ఫోటోలు.

"నేనడిగిన. గవన్ని ఏం జేసినవే అని. 'కాగు కింద వెట్టిన' అన్నది. 'నువ్వు మస్కట్ల ఏం పని జేస్తున్నవో నాకేమెరుక? తలుపులు జేస్త అని పోతివి. గీ తుపాకులోళ్లెవ్వలు? మూడు కట్టలూ కాలవెట్టి, బూడిద గూడ పెంటల కలిపిన' అన్నది. మొత్తుకుంట నన్ను వట్టుకున్నది, భాయ్. రెండేండ్లు గీ బుగులు ఎవ్వలకు జెప్పక కడుపుల వెట్టుకున్నదట."

"నువ్వేమన్నావు?"

"ఏమంట? మంచి పనే జేసినవ్ అన్న."

జేబులోంచి చేతి రుమాలు తీసి విప్పాడు. లోపల వేలిగోరంత రాయి. పొగరంగు, ఒక అంచు కత్తిలా చెక్కి ఉంది. ఒక ఉత్తరంలో కాగితం మడతల మధ్య దొరికిందట. రాయిని కాల్చడం ఎలాగో తెలియక దేవవ్వ పోపుల డబ్బాలో వేసింది.

"చెకుముకి" అన్నాడు. "గుర్రానికి బిగించే చెకుముకి. పత్రికల బొమ్మ ఉండె సూడు. మన సాలెం దానికి పన్కిరాదు, అది వత్తిది గద. గీయన సేతితోనే కొట్టిండు. గీడ సూడు, దెబ్బ మీద దెబ్బ ఎట్ల వడ్డదో." కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకు పట్టాడు. "ఎవలో ఏమో. పేరు గూడ తెల్వది."

మిగిలినవాళ్లు ఏం రాశారో ఎప్పటికీ తెలియదు. ఆ సగం తుపాకీ ఆవిడ కూడా రాసిందేమోనని చాలా రోజులు అడుగుతూనే ఉన్నాడు, ఆ సంగతి నాకు తెలిసి కూడా మరిచిపోయానన్నట్టు.

ఇనప పెట్టెలోంచి పత్రికలు మళ్లీ పైకి వచ్చాయి. ఆ ఏటి ప్రకటన ఇంకా మిగిలే ఉంది. ఈసారి చీటీ నేను నింపుతానన్నాను. కంపెనీ పెట్టె నంబరు రాయబోతుంటే అతను చెయ్యి పట్టుకున్నాడు.

"అడ్రసు వద్దు."

"అడ్రసు లేకపోతే జాబు ఎట్ల వస్తుంది?"

"రావద్దు. మళ్ల ఎవలకన్న రాసే కట్టమెందుకు, ఎవలకన్న బుగులెందుకు? ఆయన పంపిండు గద. అందిందో లేదోనని ఆయనకుండదా? గదొక్కటి ఎరుకైతె సాలు."

నేను టైపు చేశాను. "సూర్ వడ్రంగికి చెకుముకి రాయి పంపినవారికి: అందింది. చేతిపని బాగుంది."

వేసవి మొదట్లో వచ్చిన సంచికలో అది చివరి పేజీలో పడింది. మందుబుడ్డి అమ్మే ఆయనకూ, పాత పుస్తకాలు వెతికే ఆయనకూ మధ్య, పేరూ నంబరూ లేకుండా ఒకటిన్నర వరస. పెద్దులు నాతో చదివించుకుని, పత్రిక తీసుకుని బయట మెట్టు మీదికి వెళ్లాడు. ఆ తర్వాత నేను పోస్టాఫీసుకు వెళ్లేటప్పుడు అతను రంపం ఆపలేదు.